మొదటి ఏడాది లెక్క

పట్టాలు అందుకున్న బిడ్డలారా, మీ ఆకలి నాకు తెలుసు, నేరుగా విషయంలోకి వస్తాను.

నేను కొలువు మొదలుపెట్టింది ఒక చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ హౌస్‌లో. షిఫ్టు దిగే ముందు ఆవిరి పీడనం, పొయ్యిలో వేసిన చెరకు పిప్పి తూకం, కరెంటు మీటరు రీడింగు లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టాలి. మా ఫోర్‌మన్ రోజూ ఒకటే అడిగేవాడు: "చూసి రాసినవా, అనుకొని రాసినవా?" తర్వాత ఎనర్జీ ఆడిట్లు చేశాను, ఆ పైన పట్టణాలు వదిలే గ్రీన్‌హౌస్ వాయువుల లెక్కలు కట్టాను. పని ఏదైనా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

2040లో నిజామాబాద్ నగరం ఎంత కార్బన్ వదులుతుందో చెప్పమని రేపు మీలో ఎవరినో ఒకరిని అడుగుతారు. జనాభా, ఆదాయం, బండ్లు, కరెంటు వాడకం, గ్యాస్ సిలిండర్లు, చెత్త ఎలా పెరుగుతాయో చూసి అంచనా కడతారు. ఉద్గారాలు ఏటా 3 శాతం పెరుగుతాయనుకుంటే 20 ఏళ్లలో 1.8 రెట్లవుతాయి. 5 శాతమనుకుంటే 2.65 రెట్లు. అంత తేడా ఉంది కాబట్టి అందరూ ఆ శాతం మీదే వాదించుకుంటారు. ఆ రెట్లను దేనితో గుణిస్తున్నామన్నది మాత్రం ఎవరూ అడగరు. నా దిగులంతా ఆ మొదటి ఏడాది లెక్క గురించే.

జనాభానే తీసుకోండి. 2011 లెక్కల్లో నిజామాబాద్ నగరం 3.11 లక్షలు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లు కార్పొరేషన్‌లో కలిశాయి. జిల్లా సరిహద్దూ మారింది: 2016 అక్టోబర్ 11న కామారెడ్డి వేరు జిల్లా అయింది. పాత నిజామాబాద్ జిల్లా పెట్రోలు, డీజిల్ అమ్మకాల పక్కన కొత్త జిల్లా అమ్మకాలు పెట్టి గీత గీస్తే అది ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అక్కడ తగ్గింది సరిహద్దు, పొగ కాదు. 2020ని మొదటి ఏడాదిగా పెట్టుకున్నా చిక్కే. లాక్‌డౌన్‌లో బండ్లు ఆగిన ఏడాదితో పోలిస్తే ఆ తర్వాతి ఏ ఏడాదైనా భయంకరంగానే కనబడుతుంది.

బోధన్ సంగతి ఇంకా లోతైంది. 1937లో మొదలై ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు తెచ్చుకున్న అక్కడి చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ మూసినందుకు బోధన్ లెక్కలో బొగ్గుపులుసు వాయువు తగ్గిందని రాస్తే ఆ కార్మికుల ముఖం చూడగలమా? లెక్కగా చూసినా అది తప్పే. పిప్పి మండితే వచ్చే వాయువు చెరకు గాలిలోంచి తీసుకున్నదే కాబట్టి దాన్ని మొత్తంలో కలపకుండా విడిగా చూపాలని నియమం. ఫ్యాక్టరీ పోయాక మిగిలిన చెరకు లారీలెక్కి దూరపు ఫ్యాక్టరీలకు పోయింది, ఆ డీజిల్ ఇంకెవరి ఖాతాలోనో పడింది. చెరకు వదిలేసిన రైతులు చాలామంది వరి వేశారు. నీళ్లు నిలిచిన వరి మడిలోంచి మీథేన్ వస్తుంది. వందేళ్ల కాలానికి చూస్తే అది బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. ఒక మిల్లు మూతపడితే ఇన్ని పద్దులు మారతాయి. రేపు దాన్ని మళ్లీ తెరిస్తే ఇవన్నీ తిరగరాయాలి. అలా తిరగరాయాల్సిన రోజు రావాలనే నా కోరిక.

ఇక మన బోర్లు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది. రైతుకు అది దక్కాల్సిందే, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ మోటరుకు మీటరు లేదు. 5 హెచ్‌పీ మోటరు 8 గంటలు నడిస్తే సుమారు 30 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు లెక్క, అంటే ఒక మోటరుకు రోజుకు 21 కిలోలకు పైగా. అదే మోటరు యాసంగిలో ఎన్ని గంటలు నడిచింది, వానాకాలంలో ఎన్ని గంటలు నడిచింది? కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి మిగతాది అంచనా కడతారు. అంచనా కట్టడం తప్పు కాదు, దాన్ని కొలతగా రాయడం తప్పు.

ఒక పట్టణంలో చెత్త రిజిస్టరు చూశాను, ఊరి పేరు చెప్పను. ప్రతి నెలా ఒకే టన్నులు. ఫిబ్రవరిలో అంతే, బతుకమ్మ పూలన్నీ చెత్తకు చేరే నెలలోనూ అంతే. వే బ్రిడ్జి చెడిపోయింది, ట్రక్కు ట్రిప్పులను ట్రక్కు సామర్థ్యంతో గుణించి రాస్తున్నారు. సగం నిండిన ట్రక్కు కూడా నిండినట్టే. డంపింగ్ యార్డులో పడిన చెత్త ఏళ్ల తరబడి మీథేన్ వదులుతూనే ఉంటుంది. అందుకే ఈ ఏటి తూకం ఒక్కటే చాలదు, పాత ఏళ్లవీ కావాలి. ఆ ఊళ్లో పాత ఏళ్లు ఇక దొరకవు. కలెక్టరు సంతకం చేసినా దొరకవు. ఆ రిజిస్టరు మూసిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ అట్లాగే ఉంది.

మిమ్మల్ని కొంచెం కోప్పడాలి బిడ్డా, ఏమనుకోవద్దు. ప్రాజెక్టు రిపోర్టుల్లో మీ చేతివాటం నేను చూశాను. ఎక్సెల్‌లో ఖాళీ గడి కనబడితే చాలు, పై గడి మూల పట్టుకొని కిందికి లాగేస్తారు. లాగిన అంకె, కొలిచిన అంకె ఒకే రంగులో, ఒకే సైజులో ఉంటాయి. చూసేవాడికి తేడా ఎట్లా తెలుస్తది? మీ నాయన కొనుగోలు కేంద్రంలో కాంటా పక్కన నిలబడి బస్తాకు ఎంత తరుగు తీస్తున్నారో కళ్లార్పకుండా చూస్తాడు. ఆయన చెమటోడ్చి కట్టిన ఫీజుతో చదివి, గాలికి తూకం వేసే పని చేతిలోకి వచ్చాక మీరు కళ్లు మూసుకుంటే నేను ఊరుకోను. ఖాళీగా ఉన్న గడిని ఖాళీగానే వదలండి. అంచనా అయితే పక్కన అంచనా అని రాయండి, ఎవరు కట్టారు, ఏ నెలలో, దేన్ని చూసి కట్టారు అన్నదీ రాయండి.

కొలువు దొరికేలోపు ఒక పని చెయ్యండి. మీ కాలేజీ లెక్క తీయండి. కరెంటు బిల్లులు, జనరేటర్ డీజిల్ రసీదులు, బస్సుల ట్రిప్ షీట్లు, హాస్టల్ వంటింటి సిలిండర్లు. లీటరు డీజిల్ మండితే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు, 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయితే సుమారు 42 కిలోలు. ఈ రెండూ తెలిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం ఆఫీసు బీరువాల్లో రసీదులు వెతకడం. గుమాస్తాలు విసుక్కుంటారు, మీరు ఓపిక పట్టండి. లెక్క తేలాక నాకు పంపండి. ముందుగా ఏ గడులు ఖాళీగా వదిలారో చూస్తాను, మొత్తం సంగతి ఆ తర్వాత.