ఒక్క లైన్ ఎగిరిపోయింది, జాంబీలు అందరివీ అయిపోయాయి

లైట్లు ఆపేసి, దుప్పటి కప్పుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెడీగా ఉన్నవాళ్లకి సారీ. ఈరోజు దెయ్యం కథ లేదు, కాపీరైట్ కథ ఉంది. ఆగండి ఆగండి, స్క్రోల్ చేయకండి. ఇందులో నేను ఒక కుర్రాడి మీద కంప్లయింట్ పెట్టి, తర్వాత మొహం చెల్లక కూర్చున్న సంగతి కూడా ఉంది. అక్కడికి రావాలంటే ముందు 1968కి వెళ్లాలి.

అమెరికాలో పిట్స్‌బర్గ్ అని ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. అక్కడ జార్జ్ రొమేరో అనే కుర్రాడు, ఫ్రెండ్స్‌తో కలిసి సబ్బులకీ బీర్లకీ యాడ్స్ తీసుకుని బతుకుతున్నాడు. అప్పటికి ఆయన వయసు నా ఇప్పటి వయసే, ఇరవై ఏడో ఎనిమిదో. వీళ్లకి సినిమా తీయాలని పిచ్చి. పది మంది తలా 600 డాలర్లు వేసుకుని మొదలుపెట్టారు. చివరికి లక్షా పద్నాలుగు వేల డాలర్ల దాకా అయింది, హాలీవుడ్ లెక్కలో అది టిఫిన్ ఖర్చు. రక్తం కావాలంటే చాక్లెట్ సిరప్ పోశారు, బ్లాక్ అండ్ వైట్ కదా, ఎవరికి తెలుస్తుంది. జాంబీలుగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే నటించారు.

ఆ సినిమా పేరు 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. చచ్చినవాళ్లు లేచి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి బతికినవాళ్లని తినడం, వాళ్లు కరిస్తే మనమూ అలా అయిపోవడం, తల మీద కొడితేనే చావడం... మీరు ఫోన్‌లో ఆడే ప్రతి జాంబీ గేమ్‌లోని రూల్స్ ఇక్కడ స్థిరపడ్డవే. అంతకుముందు జాంబీ అంటే హైతీ కథల్లో మంత్రగాడు చెప్పినట్టు పనిచేసే బానిస శవం. తమాషా ఏంటంటే ఈ సినిమాలో 'జాంబీ' అన్న మాటే ఒక్కసారి కూడా రాదు.

ఇప్పుడు అసలు సంగతి. సినిమాకి మొదట పెట్టిన పేరు 'నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్'. రిలీజ్ ముందు డిస్ట్రిబ్యూటర్లు పేరు మార్చారు. కొత్త టైటిల్ కార్డు చేసి పాతది తీసేశారు. కాపీరైట్ గుర్తు ఉన్నది ఆ పాత కార్డు మీదే. కొత్త దాని మీద వేయడం మర్చిపోయారు, అంతే. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ నోటీసు లేకుండా బయటికి వదిలితే ఆ వస్తువు మీద మీకు హక్కు లేదు. థియేటర్‌లో బొమ్మ పడిన రోజు నుంచే ఆ సినిమా ఊరందరి సొత్తు.

కోడింగ్ చేసేవాళ్లకి ఇది చాలా విచిత్రంగా అనిపిస్తుంది. నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా కదా, మా రూల్ దీనికి పూర్తిగా రివర్స్. ఎవరైనా కోడ్ ఆన్‌లైన్‌లో పెట్టి లైసెన్స్ ఫైల్ పెట్టలేదనుకోండి, దాన్ని ముట్టుకోకూడదు. ఏమీ రాయకపోతే అన్ని హక్కులూ వాళ్లవే. 1968లో అమెరికాలో ఏమీ రాయకపోతే ఏ హక్కూ నీది కాదు. ఆ నోటీసు తప్పనిసరి అన్న రూల్ తీసేసింది 1989 మార్చిలో. ఇరవై ఏళ్లు లేటు. సినిమా కోటి డాలర్ల పైనే ఆడింది, వీడియో క్యాసెట్లు వచ్చాక ఎవడు పడితే వాడు ప్రింట్ వేసి అమ్ముకున్నాడు. రొమేరోకి అందులో చేరాల్సింది చేరలేదు. నేను ప్రొడక్షన్‌లో ఒక కాన్ఫిగ్ లైన్ డిలీట్ చేసి రాత్రంతా కూర్చున్న రోజు ఒకటుంది, ఆ కడుపులో మంట నాకు తెలుసు. ఈయనకి యాభై ఏళ్లు ఆ రోల్‌బ్యాక్ దొరకలేదు. 2017లో పోయారు.

కానీ చూడండి, ఆ పొరపాటు జరక్కపోతే ఏమయ్యేదో. డ్రాక్యులా నవల ఆధారంగా 1922లో జర్మనీలో పర్మిషన్ లేకుండా 'నోస్ఫెరాటు' తీస్తే, రచయిత భార్య కోర్టుకి వెళ్లి గెలిచింది. ఉన్న ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పు. ఏవో కొన్ని మిగలబట్టి మనం చూస్తున్నాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్‌లో మొదట్లో 'హాబిట్' అనే జాతి ఉండేది, టోల్కీన్ పుస్తకాల హక్కులున్నవాళ్లు నోటీసు పంపితే దాన్ని 'హాఫ్‌లింగ్' చేశారు. రొమేరో మార్క్ జాంబీకి మాత్రం అలా నోటీసు పంపేవాడు లేడు. 2021లో ప్రశాంత్ వర్మ గారు కర్నూలు ఫ్యాక్షన్ మధ్యలోకి జాంబీలను దింపి 'జాంబీ రెడ్డి' తీశారు కదా, దానికి పిట్స్‌బర్గ్‌కి ఫోన్ చేసి అడగాల్సిన పనిలేదు.

2023లో కంపెనీ నన్ను మూడు నెలలు ఆన్‌సైట్ పంపింది, అదృష్టం కొద్దీ పిట్స్‌బర్గే. అందరూ వీకెండ్ నయాగరా వెళ్తే నేను శ్మశానానికి వెళ్లా. నిజంగా. సినిమా మొదటి సీన్ తీసింది అక్కడికి గంట దూరంలో ఉన్న ఇవాన్స్ సిటీ శ్మశానంలో. అక్కడ చిన్న ప్రార్థనా మందిరం ఉంది, సినిమాలో కనిపిస్తుంది. అది పాడుపడి కూల్చేసే స్థితికి వస్తే ఫ్యాన్స్ చందాలు వేసుకుని బాగు చేయించారు. మన దగ్గర హీరో కటౌట్‌కి పాలు పోస్తారు, వీళ్లు పైకప్పు వేయించారు. రెండూ పిచ్చే, కాకపోతే రెండోది వాన పడితే పనికొస్తుంది.

తర్వాతి వారం అక్కడికి దగ్గర్లోనే ఒక హారర్ కన్వెన్షన్‌కి వెళ్లా. నేను అనుకున్నది వేరు. పుర్రె బొమ్మలు, అరుపులు, తాగి ఊగేవాళ్లు ఉంటారనుకున్నా. లోపల చూస్తే పెళ్లి హాల్‌లా ఉంది. మొహమంతా కుళ్లిపోయినట్టు మేకప్ వేసుకున్న ఒకావిడ స్ట్రోలర్‌లో పాపకి పాలు పట్టిస్తోంది. పక్కన వరుసగా బల్లలు, వాటి వెనక ముసలివాళ్లు. ఎప్పుడో సినిమాలో ఒక్క షాట్‌లో నడిచిన జాంబీలు వాళ్లు! ఫొటో మీద సంతకం పెడితే 20 డాలర్లు. శ్మశానంలో మొట్టమొదట కనిపించే జాంబీగా వేసిన బిల్ హింజ్‌మన్ గారు కూడా పోయేదాకా ఇలాంటి చోట్లకి వచ్చి సంతకాలు పెట్టేవారట. సినిమా హక్కులు పోయాయి, డబ్బు ఎవరెవరికో వెళ్లింది, వీళ్ల దగ్గర మిగిలింది ఈ బల్ల. ఫ్యాన్ అనేవాడు వచ్చి, ఇవ్వక్కర్లేని 20 డాలర్లు ఇస్తాడు. నేనూ ఇచ్చా. ఆ పెద్దాయన నా పేరు రాయడానికి మూడుసార్లు స్పెల్లింగ్ అడిగి చివరికి తప్పే రాశాడు, ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నా, ఇదిగో నా వెనక గోడ మీద.

అక్కడే కొన్నాను 'జాంబిసైడ్' బోర్డ్ గేమ్. 2012లో కిక్‌స్టార్టర్‌లో 20 వేల డాలర్లు కావాలని అడిగితే జనం 7 లక్షల 80 వేలకు పైగా ఇచ్చారు. పెట్టె ఎంత బరువంటే తిరుగు ప్రయాణంలో అమ్మ అడిగిన ప్యాన్ తీసేసి ఇది పెట్టా, ఆ విషయం ఇంట్లో ఇంకా తెలీదు. ఈ ఎపిసోడ్‌తో తెలుస్తుంది.

దీంట్లో అందరూ ఒకే టీమ్, జాంబీలను గేమే నడుపుతుంది. మీరు తలుపు గొడ్డలితో పగలగొడితే చప్పుడు, చప్పుడు ఉన్న వైపు జాంబీలు వస్తాయి. జాంబీలను చంపేకొద్దీ మీ లెవెల్ పెరుగుతుంది, నీలం, పసుపు, నారింజ, ఎరుపు. మెలిక ఏంటంటే కొత్తగా ఎన్ని జాంబీలు రావాలో అందరిలోకీ పై లెవెల్‌లో ఉన్నవాడిని బట్టి ఉంటుంది. అంటే ఒకడు హీరోయిజం చూపించి ఎరుపులోకి వెళ్తే, చేతిలో పెనం తప్ప ఏమీ లేని మిగతావాళ్ల మీద గుంపులు గుంపులు పడతాయి. మా కొండాపూర్ ఫ్లాట్‌లో మొదటిసారి ఆడిన రాత్రి నా రూమ్మేట్ అదే పని చేశాడు. దానికి తోడు మొదటి ఎడిషన్‌లో ఇంకో దుర్మార్గం ఉంది: మీ ఫ్రెండ్ జాంబీలతో ఒకే గదిలో ఉన్నప్పుడు మీరు దూరం నుంచి కాలిస్తే, తగిలిన గుండు ముందు ఫ్రెండ్‌కే. "రేయ్, కాల్చకురా, నేనున్నానురా" అని అరుస్తున్నా వాడు డైస్ వేశాడు. పొద్దున కాఫీ దాకా మాట్లాడుకోలేదు.

'డెడ్ ఆఫ్ వింటర్' ఇంకా ఘోరం. అది 2014లో వచ్చింది. అందరికీ కలిపి ఒక లక్ష్యం, ప్రతివాడికీ విడిగా ఒక సీక్రెట్ లక్ష్యం, మధ్యలో ఒక ద్రోహి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పక్కవాడు తిండి దాచుకుంటుంటే వాడు ద్రోహా, లేక వాడి సీక్రెట్ కార్డు అలా ఉందా అన్నది తెలీదు. అందులో జాంబీల గురించి ఎవరికీ భయం ఉండదు.

సరే, ఇప్పుడు నా సంగతి. పాత సబ్‌స్క్రైబర్లకి గుర్తుండే ఉంటుంది, ఈ ఛానెల్‌లో మొదట ఆడిన వీడియో జాంబీల చరిత్ర మీద చేసిందే. ఆ డబ్బుతోనే రిజైన్ చేసే ధైర్యం వచ్చింది. అందులో సగం క్లిప్పులు 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'వే. ఫ్రీ కదా, వాడుకున్నా.

మొన్న ఫిబ్రవరిలో ఒకతను ఆ వీడియోనే తీసుకుని, నా స్క్రిప్ట్‌ని కన్నడలోకి మార్చి, తన గొంతుతో పెట్టాడు. నా పేరు లేదు. ఆ స్క్రిప్ట్‌కి నేను ఆఫీస్ అయ్యాక ఆరు వారాలు కూర్చున్నా. ఒళ్లు మండింది, కాపీరైట్ స్ట్రైక్ వేశా. వీడియో పోయింది. రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది, తెలుగులోనే. బళ్లారిలో డిగ్రీ చదువుతున్నాడట, ఇంట్లో తెలుగే. మొదట సారీ చెప్పాడు. తర్వాత ఒక లైన్: అన్నా, అందులో బొమ్మలు మీవి కూడా కాదు కదా, వాళ్లకి మీరేం ఇచ్చారు అని.

ఒక రోజంతా జవాబు రాయలేదు. స్క్రిప్ట్ నాదే, చట్టం నా వైపే, అందులో డౌట్ లేదు. ఇప్పటికీ వాడు చేసింది తప్పే అంటా. కానీ నేనిచ్చింది 20 డాలర్లు, అదీ సంతకం కోసం. స్ట్రైక్ వెనక్కి తీసుకున్నా. నా పేరు పెట్టు, వీడియో ఉంచుకో అని రాశా.

పెట్టాడు. డిస్క్రిప్షన్‌లో, మ్యూజిక్ లింకుల కింద, కెమెరా లింకు కింద, హ్యాష్‌ట్యాగుల కంటే ముందు, 'మోర్' నొక్కితే తప్ప కనిపించని చోట. స్పెల్లింగ్ మాత్రం కరెక్ట్‌గా రాశాడు.