నిప్పు మిగిల్చిన సాక్ష్యం

(భిలాయి, వైశాలి నగర్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిప్పుతో నిత్యం మెలగే ఊరు మనది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటినుండి దేశం నలుమూలలవారూ ఈ నిప్పు చుట్టూ చేరి బ్రతుకుతున్నారు. ఆ నిప్పే 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల వాయుగొట్టం వద్ద అదుపు తప్పి పలువురు కార్మికులను పొట్టన పెట్టుకున్నది. అట్టి వేళ గుర్తుపట్టరాని దేహం ఎవరిదో తేల్చడం ఎట్లా? దంతాలు కొంతవరకు జవాబు చెప్పగలవు.

నేను వైద్యుణ్ణి కాను. ఒక హిందీ వ్యాసాన్ని తెలుగు చేస్తూ ఈ విషయంలోకి వచ్చాను. పంటి పైపొరను హిందీవారు ‘దంతవల్క్’ అంటారు, అనగా పంటి బెరడు. మన పాఠ్యపుస్తకాలు ‘పింగాణీ’ అన్నాయి. ఇక్కడ మన మాటే బాగా అతికినదని నాకు తోచింది. ఆ పొరలో నూటికి 96 వంతులు ఖనిజమే. లోపలి డెంటిన్‌లో ఖనిజం సుమారు 70 వంతులు; తక్కినది నీరు, సేంద్రియ పదార్థం. మంటలో ఇవి పోగా డెంటిన్ ముడుచుకొంటుంది, పింగాణీ అంతగా ముడుచుకోదు. అందుచేత అది పగిలి, టోపీవలె ఊడివస్తుంది. రంగు కూడా మారుతుంది: మొదట గోధుమ, సుమారు 400 డిగ్రీల వద్ద నలుపు, పిదప బూడిద వర్ణం, 800 డిగ్రీలు దాటితే సుద్ద తెలుపు. అయితే ఎంతసేపు కాలినదనేది కూడా లెక్కలోకి వస్తుంది గనుక రంగును బట్టి వేడిని గట్టిగా చెప్పరాదు. పెదవులు, బుగ్గలు, నాలుక కొంతసేపు కవచమవుతాయి. ముందుపళ్ళు చెడినా దవడపళ్ళు తరచు మిగులుతాయి.

సుద్దవలె మారిన పన్ను వ్రేలు తగిలితే పొడి అవుతుంది. ఉన్నచోటనే ఛాయాచిత్రం తీసి, జిగురు పిచికారీ చేసి గట్టిపరచిన తరువాతనే కదపాలి. సహాయానికి పరుగెత్తేవారు తెలిసికొనవలసిన సంగతి ఇది.

1897లో పారిస్‌లో ఒక ధర్మార్థ సంత తగులబడి వందమందికి పైగా మరణించినపుడు, ఒక డచెస్‌ను ఆమె దంతవైద్యుడే గుర్తించాడు. ఆమె పళ్ళ వివరాలు ఆయనకు తెలుసు. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద బస్సు దగ్ధమై 45 మంది మరణించినపుడు హైదరాబాదులోని డి.ఎన్.ఎ. పరీక్షా కేంద్రాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. బంధువులు రక్తపు నమూనాలిచ్చి రోజుల తరబడి ఎదురుచూచారు.

మనలో ఎందరి పళ్ళ వివరాలు వ్రాసి ఉన్నవి? పన్ను పీకించుకొని, ఇంటికి వచ్చి చీటీ పారవేసేవారమే. పోల్చి చూడటానికి పాత కాగితం లేనినాడు మిగిలిన పన్ను వయస్సును సూచించగలదు గాని పేరు చెప్పలేదు. ఈసారి దంతవైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఆ చీటీని, ఎక్స్‌రేను అడిగి తెచ్చుకొని రేషన్ కార్డు ప్రక్కన పెట్టండి. అది ఎక్కడున్నదో ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచండి.