ఒక నిజాం, ఎన్నో ఫౌజులు
(పాశమైలారంలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగం)



నిజాం సైన్యం గురించి చెప్పమన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను, సర్కారు గుమాస్తాను. కాబట్టి గుమాస్తాలాగే చెబుతాను: ఎవరి హుకుం ఎవరిమీద నడిచేది, జీతం ఎవరి పద్దు.

పేరుకు అందరూ నిజాం సిపాయిలే. కాని ఫౌజు ఒక్కటి కాదు. కవాతు నేర్చిన రెగ్యులర్ ఫౌజు ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా వెళ్లిన హైదరాబాద్ లాన్సర్లు అందులోని వారే. ఢిల్లీ తీన్‌మూర్తిలో ఒక విగ్రహం వారిది. అరబ్బులు మొదలైనవారున్న ఇర్రెగ్యులర్ బలగం, నజ్మె జమియత్, వేరు. పాయిగా అమీర్లకు సొంత సిపాయిలు. ఇక హైదరాబాద్ కంటింజెంట్ సంగతి మరీ విచిత్రం. ఖర్చు నిజాంది, హుకుం ఇంగ్లీషువారిది! ఆ బాకీల కిందనే 1853లో బేరారు కంపెనీ చేతికి పోయింది. దాని ఠాణా బొలారం. మన పక్కనున్న ఫ్యాక్టరీల బొల్లారం కాదు, సికింద్రాబాదు అవతలిది. 1903లో అది బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసింది.

1948 నాటికి ఫౌజు కమాండర్ మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్. ఆయనపైన ప్రధాని లాయక్ అలీ, అందరిపైన నిజాం. ఆయుధాలు పట్టుకు తిరిగిన రజాకార్లు మాత్రం ఖాసిం రజ్వీ మాట వినేవారు. వారి దౌర్జన్యాలు మన పెద్దలు చెప్పగా విన్నవే. సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది. 17న నిజాం కాల్పులు ఆపమన్నారు, 18న ఎద్రూస్ జనరల్ చౌధురికి లొంగిపోయారు. చౌధురి దళం షోలాపూర్ నుంచి వచ్చింది మన పటాన్‌చెరు మీది బొంబాయి రోడ్డునే.

నాకు ఈ తేడాలు తెలిసింది పుస్తకంలో కాదు. 1979లో ఒక ముసలమ్మ మా ఆఫీసుకు వచ్చేది, సిపాయి భార్య. "ఏ ఫౌజమ్మా?" అంటే, "నిజాం ఫౌజు బిడ్డా, ఏదో నాకేమెరుక?" అనేది. రెగ్యులర్ ఫౌజు జాబితా చూసి, "పేరు లేదు" అని రాసి దరఖాస్తు తిప్పి పంపాను. ఉర్దూ వచ్చిన సూపరింటెండెంటుగారు అది చూసి, "జమియత్ రిజిస్టరు చూసినవా?" అన్నారు. చూడలేదు. పేరు అందులో ఉంది.

అప్పటికి నాలుగు నెలలు గడిచాయి. మళ్లీ రమ్మని ఉత్తరం రాశాను. "చిరునామాదారు మరణించారు" అని కవరు తిరిగి వచ్చింది. దాన్ని ఫైలులో పెట్టి ట్యాగు కట్టింది కూడా నేనే.