చిన్న గుర్తు - పెద్ద తేడా
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన సమయం పది నిమిషాలే. కనుక విద్య గొప్పతనం గురించి ఉపన్యసించకుండా, ఒకే ఒక్క గుర్తును గురించి మనవి చేస్తాం. ఇంగ్లీషులో అక్షరాల నెత్తిన వేలాడే చిన్న కామా ఉందే, అది. దాని పేరు అపాస్ట్రఫీ.

ఉర్దూ మీడియంలో పదో తరగతి పాసైన మన పిల్లలు చాలామంది ఆ పైన ఇంగ్లీషు మీడియంలో చేరుతున్నారు. తెలివికేం తక్కువ లేదు. కానీ ఒక అర్జీ రాయమంటే జంకుతారు. అర్జీ అంతా బాగా రాసి, చివర ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ దగ్గర ఎస్‌కు ముందు ఆ కామా పెట్టేస్తారు. అక్కడ కామా ఉండకూడదు. సంతకం పక్కనే ఉన్న తప్పు చదివేవారి కంట్లో ముందు పడుతుంది.

ఆ గుర్తుకు ముఖ్యంగా రెండు పనులు. ఒకటి, జారిపోయిన అక్షరం చోటు చూపడం. ‘ఇట్ ఈజ్’ను కలిపి ‘ఇట్స్’ అంటే ఐ అక్షరం పోయింది, ఆ ఖాళీలో కామా పెడతాం. ‘యు ఆర్’, ‘దే ఆర్’ కలిపితే ఎ అక్షరం పోతుంది. ‘హూ ఈజ్’ కలిపితే మళ్లీ ఐ పోతుంది. రెండో పని, పేర్లకు సొంతదారు ఎవరో చెప్పడం. ‘బాయ్స్ బుక్’ అంటే అబ్బాయి పుస్తకం. ఒక్క అబ్బాయిదైతే కామా ఎస్‌కు ముందు, అబ్బాయిలందరిదీ అయితే ఎస్ తర్వాత.

చిక్కు ఇక్కడే వచ్చింది. సొంతం అంటే కామా ఉండాలి కదా అని పిల్లలు ‘దాని’ అనే ‘ఇట్స్’కు కూడా తగిలిస్తారు. ‘హిజ్’కు ఎవరైనా కామా పెడతారా? పెట్టరు. ‘హర్స్, అవర్స్, యువర్స్, దెయిర్స్, ఇట్స్, హూజ్’ అన్నీ ఆ కుటుంబమే. ఒక్కదానికీ కామా లేదు.

ఎలా గుర్తుపట్టాలి? మన ఇంటి ఉర్దూలోనే తాళంచెవి ఉంది. ఆ ఒక్క మాటను ఉర్దూలో చెప్పి చూడండి. ‘ఇస్ కా, ఆప్ కా, ఉన్ కా, కిస్ కా’ అని కా-కీ-కే వస్తే కామా వద్దు. ‘యే హై, ఆప్ హైఁ, వో హైఁ, కౌన్ హై’ అని హై వస్తే కామా కావాలి. సైకిల్ గురించి రాస్తున్నారనుకోండి. ‘ఇస్ కా పహియా’ అంటే కామా లేదు. ‘యే పురానీ హై’ అంటే కామా ఉంది. ‘వహాఁ’ అనే అర్థం వస్తే అది మూడో ‘దేర్’, దాని స్పెల్లింగే వేరు.

తెలుగులో ‘ఇది పాత సైకిల్’ అంటే సరిపోతుంది, హై లాంటి మాట అక్కర్లేదు. ఉర్దూలో అది చెవికి వినిపిస్తుంది. అంటే ఉర్దూ చదువు ఇంగ్లీషుకు అడ్డం కాదు, ఇక్కడ ఆసరా అన్నమాట.

అనుమానం తీరకపోతే విడదీసి చదవండి. ‘ఇట్ ఈజ్’ అనిగానీ, ‘ఇట్ హాజ్’ అనిగానీ అతికితే కామా పెట్టండి, లేకుంటే వద్దు. ఫోను సరిచేస్తుందిలే అని పూర్తిగా నమ్మకండి. రెండు రూపాలూ ఇంగ్లీషులో ఉన్న మాటలే కనుక అది ఒక్కోసారి పట్టుకోదు.

ఇంకో మాట. ఇంగ్లీషువాళ్లు కూడా ఒకప్పుడు ‘దాని’ అనే మాటకు కామా పెట్టారు. 1623లో అచ్చైన షేక్స్పియర్ నాటకాల తొలి సంపుటిలో అలా కనిపిస్తుంది. తర్వాతే నియమం స్థిరపడింది. కనుక పిల్లలు తప్పు రాస్తే నవ్వకండి, కసరకండి.

తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. రాత్రి అన్నాలయ్యాక పిల్లల నోట్‌బుక్ తెరిపించి, కామా ఉన్న ఇలాంటి మాటలకు ‘ఇక్కడ కా వస్తుందా, హై వస్తుందా?’ అని అడగండి. సొంతదారు పేరు మీద ఉంటే కా, ‘ఇట్ ఈజ్, హూ ఈజ్’ లాంటివి కలిపిన చోట హై అని జవాబు రావాలి. అడగడానికి మీ ఉర్దూ చాలు.