అన్నభేదిలోని షెల్లు, తుపాకిలోని షెల్లు

(ఆర్మూరులో పసుపు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటిసారి నేనిక్కడ పసుపు ఆకు పాలిపోవటాన్ని గురించి మాట్లాడుతూ, ఇనుము పరమాణువులో ఎలక్ట్రానులు షెల్లులలో ఉంటాయని ఒక మాట అన్నాను. వెనుక వరుసలోనుంచి ఒక పెద్దాయన లేచి, "సారూ, షెల్లంటే మా పన్నెండు బోరు తుపాకిల పెట్టే తూటనే గదా! అది పసుపాకులకు ఎట్ల వచ్చింది?" అని అడిగారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సమయం మించిపోవటంచేత జవాబు చెప్పలేదు. ఆ బాకీ ఈనాడు తీర్చుకుంటాను. రెండు షెల్లులను గురించీ చెబుతాను. రెండూ మీ పొలానికి పనికివచ్చేవే.

ముందు పరమాణువు సంగతి. ఏ పదార్థాన్నయినా నలగగొట్టుకుంటూ పోతే చివరకు పరమాణువు వస్తుంది. దాని నడుమ బరువైన కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రానులు ఉంటాయి. అవి ఇష్టం వచ్చిన చోట ఉండవు. ఉల్లిగడ్డ పొరలవలె ఒకదానిపైన ఒకటిగా ఉన్న అరలలో ఉంటాయి. ఈ అరలనే షెల్లులనీ, మన పాఠ్యపుస్తకాలలో కర్పరాలనీ అంటారు. డెన్మార్కు శాస్త్రవేత్త నీల్స్ బోర్ 1913లో ఈ ఏర్పాటును ప్రతిపాదించాడు. తరువాతి శాస్త్రజ్ఞులు దానిని చాలా సవరించారు. ఎలక్ట్రాను ఒక గీత మీద తిరిగే గోళీ కాదని ఇప్పుడు తెలుసు. అయినా అరల లెక్క నిలిచింది. మొదటి అరలో 2, రెండవదానిలో 8, మూడవదానిలో 18, నాలుగవదానిలో 32 వరకు పడతాయి. అంతకు మించి పట్టవు.

ఇనుములో మొత్తం 26 ఎలక్ట్రానులు. అవి 2, 8, 14, 2గా సర్దుకున్నాయి. మూడవ అరలో 18 పట్టే చోటున్నా 14 మాత్రమే ఉండి, పై అరలో రెండు చేరినవి. మన పసుపు కష్టమంతా ఈ ఏర్పాటులోనే ఉన్నది. పైనున్న రెండింటిని వదులుకొన్న ఇనుమును ఫెర్రస్ అంటారు. అది నీటిలో సులభంగా కరుగుతుంది. అది లోపలి అరలోనుంచి మరొక ఎలక్ట్రానును కూడా గాలిలోని ఆక్సిజనుకు ఇచ్చివేస్తే ఫెర్రిక్ అవుతుంది. మీ నాగలి కర్రుమీద పట్టే తుప్పు అదే. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలో ఇది నీటిలో దాదాపు కరగదు. అందుచేత నేలలో ఇనుము ఎంత ఉన్నా పసుపు వేరుకు అందదు. కొట్టునిండా ధాన్యం ఉండి తాళంచెవి లేని ఇంటివంటిది.

మీరొక సంగతి గమనించి ఉంటారు. పసుపులో అంతరపంటగా వేసిన మొక్కజొన్న పచ్చగానే ఉండి, పక్కనున్న పసుపు పాలిపోవటం కద్దు. మొక్కజొన్న గడ్డిజాతి పైరు. గడ్డిజాతి వేళ్ళు ఒక ప్రత్యేక పదార్థాన్ని నేలలోకి వదలి, ఆ ఫెర్రిక్ ఇనుమునే పట్టి తెచ్చుకొంటాయి. పసుపుకు ఆ విద్య లేదు. అది ఫెర్రిక్‌ను వేరువద్దనే ఫెర్రస్‌గా మార్చుకొని తీసుకోవలెను. సున్నపు నేలలో ఆ పని సాగదు.

ఇనుము లోపం లేత ఆకులలో మొదలవుతుంది. ఈనెలు పచ్చగా ఉండి, నడుమ భాగం పాలిపోతుంది, ముదిరితే ఆకు తెల్లబడుతుంది. ముదురాకులు ముందు పసుపుబారితే అది నత్రజని లోపం. ఈ తేడా చూడక యూరియా బస్తాలు పోసేవారున్నారు. వారిని తప్పుపట్టను, రెండూ దూరంనుంచి ఒకేలా కనిపిస్తాయి. దగ్గరకు పోయి ఏ ఆకో చూడవలెను. ఇనుము లోపమే అయితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఆకులు బాగా తడిసేటట్లు చల్లవలెను. పది రోజుల ఎడంతో రెండు మూడుసార్లు చల్లితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

అన్నభేది కొనేటప్పుడు రంగు చూడండి. లేత ఆకుపచ్చ పలుకులుగా ఉంటే మంచిది. గోధుమరంగు పొడిగా మారితే అది చాలావరకు తుప్పే, డబ్బు వృథా. ద్రావణాన్ని రాత్రి కలిపి పొద్దున చల్లటం కూడా ఇటువంటిదే. ఏ పూటకు ఆ పూట కలుపుకోవలెను. నిమ్మ ఉప్పు ఇనుమును పట్టి ఉంచి, తుప్పు కాకుండా కొంతసేపు కాపాడుతుంది. అది లేకుండా చల్లి "మందు పనిచేయలేదు" అనేవారిని చాలామందిని చూశాను.

ఇక పెద్దాయన అడిగిన రెండవ షెల్లు. అడవి పందులు పసుపు తినటానికి రావు. నడుమనున్న మొక్కజొన్నకోసం వచ్చి పసుపు దుంపలను పెళ్ళగించి పోతాయి. గట్టు చుట్టూ చీరలు కడతారు, కుసుమ వేస్తారు, రాత్రుళ్ళు మంచెలమీద డబ్బాలు కొడతారు. కొందరి ఇండ్లలో తాతలనాటి లైసెన్సు తుపాకులున్నాయి. చెప్పవలసింది వారితోనే.

తుపాకి బోరంటే మన పొలంలో వేసే బోరు కాదు. ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే, ఒక్కొక్క గుండు పట్టే గొట్టమే 12 బోరు. దాని వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. అదే సీసాన్ని 20 గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది, కనుక 20 బోరు గొట్టం 15.6 మిల్లీమీటర్లే. అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నమవుతుంది. 20 బోరు తూటాను పొరపాటున 12 బోరులో వేస్తే అది గదిలో నిలవదు, ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. గది ఖాళీ అనుకొని వెనుక 12 బోరు తూటా పెట్టి పేల్చితే గొట్టం పగులుతుంది. అందుకే 20 బోరు తూటాలకు పసుపురంగు కేటాయించి, ఆ రంగును ఇతర బోరులకు వాడని పద్ధతి ఏర్పడింది. ఆర్మూరువారికి ఆ రంగు గుర్తుపెట్టుకోవటం కష్టం కాదు.

బోరు సరిపోతే చాలదు, పొడవుకూడా సరిపోవలెను. తూటా కూర్చునే గదులు 65, 70, 76 మిల్లీమీటర్లు, ఇలా ఉంటాయి. పాత తుపాకులలో 65 సామాన్యం. అసలు మోసం ఇక్కడున్నది. తూటా మూతి పొట్లం మడిచినట్లు మడిచి ఉంటుంది. కనుక 70 అని రాసిన తూటా 65 గదిలో హాయిగా దూరుతుంది, తుపాకి మూతకూడా పడుతుంది. రాసిన పొడవు మూతి విప్పుకున్న తరువాతి పొడవు. పేల్చినప్పుడు మూతి విప్పుకొని, గది దాటి ముందున్న సన్నని భాగంలోకి చొచ్చుకొని, గుండ్లకు దారి ఇరుకు చేస్తుంది. వెనుక ఒత్తిడి పెరిగిపోతుంది. గదికంటె పొట్టి తూటా అదే బోరుదైతే ఫరవాలేదు. పొడుగుది మాత్రం ఎన్నడూ పెట్టకూడదు.

మా మేనమామకు అడవి అంచున చేను. మా తాతనాటి జోడుగొట్టాల తుపాకి ఆయనకు వచ్చింది. ఎవరో ఇచ్చిన 70 తూటాల పెట్టె ఒకటి వాడారు. నాలుగు పేలినవి, ఏమీ కాలేదు. అయిదవదానికి గొట్టం గదివద్ద చీలింది. గొట్టం కింద పట్టుకొనే ఎడమచేతి రెండు వేళ్ళు పోయినవి. నేనప్పుడు పదవ తరగతి. కొడవలి కుడిచేత పట్టేదే, కాని కోసే పైరును ఎడమచేత పట్టవలెను గదా! ఆ తరువాత ఆయన పైరు కోయలేదు. నాలుగుసార్లు ఏమీ కాకపోవటమే ఆయనను నమ్మించింది.

కనుక గొట్టం వెనుక భాగాన, కింది వైపున ఉండే గుర్తులు చూడండి. 12తోపాటు 65 అనో 70 అనో, లేక అంగుళాలలో రెండున్నర అనో రెండుముప్పావు అనో ఉండవచ్చు. గుర్తులు అరిగిపోతే ఊహించవద్దు. మెలితిప్పిన ఇనుప తీగెల చారలు కనిపించే చాలా పాత గొట్టాలు నల్లమందు కాలంనాటివి. నేటి పొగరాని మందు తూటాలు వాటిలో పెట్టకూడదు.

చట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను. 1959 ఆయుధాల చట్టంలో పంట రక్షణకు తుపాకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటున్నది. కాని ఆ లైసెన్సు పందిని కొట్టటానికి అనుమతి కాదు. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. 2022 సవరణతో అది రెండవ షెడ్యూలులో చేరింది. పైరు పాడుచేసే పందిని కొట్టటానికి అటవీ అధికారులనుంచి వేరే వ్రాతమూలకమైన ఉత్తర్వు ఉండవలెను.

వచ్చేసారి పాలిపోయిన పసుపు ఆకులు తీసుకురండి, కలిసి చూద్దాం. తుపాకులు తేవద్దు. వాటిని లైసెన్సున్న మరమ్మతుదారుకు చూపించి, గది పొడవు కొలిపించి, ఆ అంకెను తూటాల పెట్టెమీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.