"ఖాళీగానే ఉంటాం" అనే మాట మానేశాం

(సమాఖ్య వార్షిక మహాసభలో లేసు అల్లే సంఘాల తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మైకు పట్టుకోవడం మాకు సూది పట్టుకున్నంత తేలిక కాదండి. అందుకే నలుగురం కూర్చుని రాసుకొచ్చాం. ఇందులో "మేము" అన్న చోటల్లా రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు లేసు అల్లే సభ్యులందరం అనుకోండి. మాలో కొందరం ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లం, కొందరం గడప దాటని వాళ్లం. ఇరవై ఏళ్ల వాళ్లు ఉన్నారు, మనవల్ని ఎత్తుకున్న వాళ్లూ ఉన్నారు.

రెండేళ్ల కిందట ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక అమ్మాయి మా ఊళ్లకి వచ్చింది. ఆడవాళ్లకి ఉపాధి చూపించడానికి సర్వే చేస్తున్నామని చెప్పింది. ఇంటింటికీ తిరిగి, "మీరేం పని చేస్తారండి?" అని అడిగింది. మేమందరం ఒకటే సమాధానం చెప్పాం. "పనేం లేదమ్మా, ఖాళీగానే ఉంటాం." ఆ అమ్మాయి రాసుకోకుండా అలాగే చూసింది. "మరి మీ ఒళ్లో అదేంటండి?" అంది. "ఇదా? లేసు. ఏదో ఊసుపోక" అన్నాం. అలా చెబుతున్నంతసేపూ మా చేతులు ఆగలేదండి. పువ్వు తర్వాత పువ్వు పడుతూనే ఉంది.

మాకు పని దొరక్కపోవడానికి చదువు లేదనీ, ఊరు దాటలేమనీ, పెట్టుబడి లేదనీ ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. అవన్నీ నిజమే. కానీ వాటన్నిటికంటే ముందు ఇంకో అడ్డు ఉంది. చేస్తున్న పనిని మేమే పని అనుకోలేదు. మేమే అనుకోనప్పుడు ఏజెంటు ఎందుకు అనుకుంటుంది, బ్యాంకు ఎందుకు అనుకుంటుంది, ఇంట్లో మగవాళ్లు ఎందుకు అనుకుంటారు?

లేసు మనకి కొత్తగా వచ్చింది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో నరసాపురం ప్రాంతానికి వచ్చిన మిషనరీలు ఇక్కడి ఆడవాళ్లకి ఈ అల్లిక నేర్పారు. అక్కణ్ణుంచి అది వశిష్ఠ దాటి మన లంక ఊళ్లకీ వచ్చింది. సరుకు విదేశాలకి పోతుంది. వ్యాపారం అవతలి ఒడ్డున, అల్లే చేతులు రెండు ఒడ్డులా. దారం ఏజెంటు తెచ్చి ఇస్తుంది. ఒకళ్లు పువ్వులు అల్లుతారు, ఇంకొకళ్లు వాటిని కలిపి అతుకు పని చేస్తారు. పూర్తయిన సరుకు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళుతుంది. వరదొచ్చి పంటు ఆగితే డబ్బులూ ఆగుతాయి.

మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ 1970ల చివర్లో నరసాపురం చుట్టుపక్కల లేసు వాళ్ల మధ్య తిరిగి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆ సంగతి మాకు సంస్థ అమ్మాయి చెప్పింది. ఇంటి పనంతా చేసుకుంటూనే రోజుకి ఆరేడు గంటలు లేసు అల్లే ఆడవాళ్లకి అప్పట్లో రోజుకి రూపాయి కూడా పడేది కాదని ఆవిడ లెక్క తేల్చారు. వాళ్లని అందరూ "ఇంటి పట్టున ఉండే ఆడవాళ్లు" అన్నారు తప్ప కార్మికులు అనలేదని కూడా రాశారు. అది విని మాలో ఒక పెద్దావిడ, "ఆ లెక్కలో మా అమ్మ కూడా ఉండే ఉంటాది" అంది. ఇంకెవ్వరం మాట్లాడలేకపోయాం.

అప్పుడు ఆ అమ్మాయి మాకు డబ్బు ఇవ్వలేదు, మిషన్లు ఇవ్వలేదు. తలా ఒక నోటు పుస్తకం ఇచ్చింది. లేసు పట్టుకున్నప్పుడు టైము, పక్కన పెట్టినప్పుడు టైము రాయమంది. రాయడం రాని వాళ్లకి పిల్లలు రాసిపెట్టారు. మొదట్లో నవ్వుకున్నాం. "అన్నం వార్చడానికి లేచినప్పుడు కూడా రాయాలేంటమ్మా?" అని ఏడిపించాం. "ఆయ్, రాయండి" అంది మా మాటతోనే.

నెల తిరిగేసరికి నవ్వు పోయింది. మాలో ఒకావిడ చిన్న టేబుల్ రుమాలు నాలుగు రోజుల్లో అల్లింది. పుస్తకంలో కూడితే పదకొండు గంటలు. చేతికొచ్చింది అరవై రూపాయలు. గంటకి అయిదున్నర కూడా లేదు. అలా ఎనిమిది గంటలు చేస్తే నలభై నాలుగు రూపాయలు. ఉపాధి హామీలో మన రాష్ట్రంలో 2024-25కి రోజు కూలి రేటు 300 రూపాయలు. దాంట్లో ఏడో వంతుకి మేము నీడపట్టున కూర్చున్నామని సంతోషపడుతున్నాం.

ఆ పుస్తకాలు పట్టుకుని ఏజెంటు దగ్గరకి వెళ్లాం. ఇక్కడ ఒక మాట నిజం చెప్పుకోవాలండి. ఆ ఏజెంటు పై మనిషేం కాదు, మన సంఘం సభ్యురాలే. మొదట ఆవిడకి కోపం వచ్చింది. రెండు నెలలు మాలో కొందరికి దారం ఇవ్వలేదు. ఆ రెండు నెలలూ చిట్టీలు కట్టలేక, ఇంట్లో మాటలు పడలేక ముగ్గురు పుస్తకం రాయడం మానేశారు. వాళ్లని మేము తప్పు పట్టం. తర్వాత సంఘం మీటింగులోనే ఆవిడని కూర్చోబెట్టి, "వదినా, నీ లెక్క కూడా చెప్పు" అన్నాం. ఆవిడా చెప్పింది. పంటు చార్జీ, మాసిన సరుకు వెనక్కి వస్తే పడే నష్టం, పైవాళ్లు డబ్బు ఆపితే తను చేసే అప్పు. ఆవిడ గంటలు కూడా ఎవరూ లెక్కపెట్టలేదని అప్పుడే తెలిసింది. ఇప్పుడు ఆవిడా పుస్తకం రాస్తోంది.

దాని తర్వాత ఏం మారిందో చెబుతాం. గొప్పలు చెప్పం. పువ్వు రేటు కొంచెమే పెరిగింది. కానీ డబ్బులు ఇచ్చే తారీకు ఖాయమైంది. ఎంత దారం తీసుకున్నాం, ఎంత సరుకు ఇచ్చాం అనేది రెండు పుస్తకాల్లోనూ పడుతోంది. రెండు సంఘాలు బ్యాంకు లింకేజీ అప్పులో కొంత తీసి దారం సొంతంగా కొన్నాయి. ఆ సరుకుని ఎగ్జిబిషన్‌లో స్టాలు పెట్టి అమ్ముకున్నాం. రుమాలు మీద ధర చీటీ మేమే రాశాం. ఎంత రాయాలో తెలియక చెయ్యి ఆగిపోయింది. అప్పుడు పుస్తకం తీసి గంటలు చూసి రాశాం.

ఇంకో అడ్డు కళ్లు. నలభై దాటాక సన్న దారం కనపడక మాలో చాలామంది లేసు మానేశారు. "వయసైపోయింది" అనుకున్నారు. సంస్థ వాళ్లు కంటి పరీక్ష పెట్టించి దగ్గరి చూపు కళ్లజోళ్లు ఇప్పించారు. మళ్లీ సూది పట్టినవాళ్లు ఇక్కడే కూర్చుని ఉన్నారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకి ఇలాంటి కళ్లజోళ్లే ఇచ్చి చూస్తే వాళ్లు కోసే ఆకు సుమారు అయిదో వంతు పెరిగిందని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. చూపు ఆనకపోతే ముందు కళ్లజోడు పెట్టుకుని చూడాలి, పని మానెయ్యడం తర్వాత సంగతి.

ఇంకో అడ్డు కాగితం. చేతివృత్తుల వాళ్లకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు ఉందని మాకు తెలియనే తెలియదు. దరఖాస్తులో వృత్తి అన్న చోట మాలో ఒకావిడ అలవాటుగా "గృహిణి" అని రాయబోతే, పక్కావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లోనూ చేరాం. ఆ కార్డు చూసి ఒకాయన తన భార్యతో, "నువ్వు కార్మికురాలివా?" అన్నాడంట ఆశ్చర్యంగా. "నీకు ఇప్పుడు తెలిసిందా?" అందంట ఆవిడ.

ఈ పోరాటం మనతో మొదలైంది కాదు. గుజరాత్‌లో ఇళా భట్ గారు 1972లో సేవా సంఘాన్ని రిజిస్టర్ చేయించడానికి వెళితే, మీకు యజమాని ఎవరు, ఎవరి మీద పోరాడతారు అని కార్మిక శాఖ వాళ్లు అభ్యంతరం పెట్టారు. సంఘం అంటే ఎవరి మీదో పోరాడటానికే కాదు, పనిచేసే వాళ్లు కలిసి ఉండటానికి అని ఆవిడ నిలబడ్డారు. రిజిస్టర్ చేయించారు. ఇంట్లో కూర్చుని పనిచేసే వాళ్లూ కార్మికులేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒప్పందమే చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

గెలవని సంగతులు కూడా చెప్పాలి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. దర్జీ పని ఉంది, చేపల వల అల్లడం ఉంది, కొబ్బరి పీచు అల్లేవాళ్లకీ చోటు ఉంది. లేసు లేదు. పీచు పని చేసే అక్కలు మన సమాఖ్యలో ఉన్నారు, మీరు తప్పకుండా దరఖాస్తు చేసుకోండి. మా పేరు కూడా చేర్చమని మేము అర్జీ రాశాం, మీ సంతకాలు కావాలి. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు సరుకుకి వచ్చింది. అల్లిన మనిషి దాకా రావాలంటే ఆ మనిషి ఎక్కడో ఒక పుస్తకంలో ఉండాలి.

మన రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లని ఇల్లు తక్కువ. మాలోనూ కువైట్, మస్కట్ వెళ్లి వచ్చిన వాళ్లు ఉన్నారు. అక్కడ వండారు, ఉతికారు, పిల్లల్ని సాకారు. దాన్ని ఉద్యోగం అన్నారు, జీతం ఇచ్చారు. ఆ పనులే ఇక్కడ చేసి, మిగిలిన పొద్దంతా లేసు అల్లితే "ఖాళీగా ఉంది" అన్నారు. వెళ్లే వాళ్లని మేము వెళ్లొద్దనం. ఇక్కడ గంటకి సరైన రేటు వస్తే, పిల్లల్ని వదిలి వెళ్లాలా వద్దా అని ఆలోచించుకునే వీలు మాత్రం ఉంటుంది.

చివరిగా అసలు సంగతి. ఆ సంస్థ ప్రాజెక్టు వచ్చే మార్చితో అయిపోతుంది. ఆ అమ్మాయి వెళ్లిపోతుంది. వెళ్లిపోతే పుస్తకాలు అటకెక్కుతాయని చాలామందికి భయంగా ఉంది. మాకూ ఉంది. అందుకే ఈ మహాసభని మూడు కోరుతున్నాం. ఒకటి, పొదుపు పుస్తకం తనిఖీ చేసినట్టే ప్రతి గ్రామ సంఘం నెలకోసారి పని పుస్తకం కూడా చూడాలి. రెండు, దారం కొనడానికి సమాఖ్య నిధి నుంచి ఒక చిన్న అప్పు పద్దు పెట్టాలి. మూడు, పంటు ఆగిన రోజుల్లో సరుకు చించినాడ వంతెన మీదుగా పంపడానికి బండి ఖర్చు అందరం పంచుకోవాలి. ఇవి చేయడానికి బయటి వాళ్లు అక్కర్లేదు, మనం చాలు.

ఈ మధ్య మళ్లీ ఒక సర్వే వచ్చిందండి. "మీరేం చేస్తారు?" అని అడిగారు. మా పెద్దావిడ, ఇందాక వాళ్లమ్మ గురించి చెప్పిన ఆవిడే, కళ్లజోడు సర్దుకుని, "లేసు అల్లుతాను. నిన్న ఆరు గంటలు అల్లాను. రాసుకోండి" అంది.

రాసుకున్నారు.

అర్జీ కాగితం గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టాం. భోజనాలకి వెళ్లేలోగా సంతకం పెట్టి వెళ్లండి.