డబ్బాలోని భోజనం

పూర్తి భోజనాన్ని ఒక చిన్న డబ్బాలో ఇమిడ్చి, గ్లాసెడు పానీయంగా తాగి ఒళ్ళు తగ్గించుకోవచ్చునన్న ఆశ ఈనాటిది కాదు. ఆ ఆశ అమెరికా దేశంలో ఒకప్పుడు ఎంత వేగంగా ప్రబలినదో, ఎందుకు నిలువలేకపోయినదో తెలుసుకొనడం మనకూ ప్రయోజనకరమే. ఆ పానీయం పేరు మెట్రికాల్.

దీని మూలం రోగుల ఆహారంలో ఉన్నది. ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్ నగరానికి చెందిన మీడ్ జాన్సన్ సంస్థ శిశువుల ఆహారానికి పేరుపొందినది. మామూలు భోజనం చేయలేని రోగుల కోసం ఆ సంస్థ సస్టాజెన్ అనే పొడిని తయారుచేసేది. వెన్న తీసిన పాలపొడి, సోయా పిండి, మొక్కజొన్న నూనె, విటమినులు, ఖనిజ లవణాలు మొదలైన అటువంటి దినుసులతోనే 1959లో మెట్రికాల్‌ను విడుదల చేసినది. రోగికి బలం చేకూర్చే వస్తువు స్థూలకాయుని బరువు తగ్గించే సాధనం కావడం వింతగా తోచవచ్చు. కాని కీలకమంతా పరిమాణంలో ఉన్నది.

పూటకు 225 కేలరీలు, దినానికి నాలుగు పూటలు, మొత్తం 900. అందులో 70 గ్రాముల మాంసకృత్తులు, 20 గ్రాముల కొవ్వు, 110 గ్రాముల పిండిపదార్థాలు ఉండేవి. పెద్దవారికి సాధారణంగా రెండు వేల కేలరీల వరకు, కొందరికి అంతకు మించియు, అవసరం. ఆ లోటును శరీరం తన నిల్వల నుంచి పూరించుకొనక తప్పదు. కనుక బరువు తగ్గినమాట నిజం.

వంట పని లేదు, తూకం వేసే శ్రమ లేదు. మొదట పొడిగా వచ్చినది, తరువాత 8 ఔన్సుల డబ్బాలలో పలు రుచులతో సిద్ధపానీయమైనది. రుచి బాగులేదని ఎగతాళి చేసినవారు ఉన్నా, కొనేవారు కొన్నారు. పెట్ మిల్క్ సంస్థవారి సెగో వంటి పోటీ పానీయాలు వెంటనే బయలుదేరినవి. అయినా ఆ మోజు దీర్ఘకాలం నిలువలేదు. క్రమంగా ఆదరణ సన్నగిల్లి, చివరకు మెట్రికాల్ విపణినుంచి అదృశ్యమైనది.

ఇటువంటి ఆహారానికి ఎదురయ్యే ప్రధానమైన చిక్కును శాస్త్రం ముందే చూపినది. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది స్వచ్ఛంద యువకులకు 24 వారాలపాటు చాలీచాలని ఆహారమిచ్చి పరిశీలించినాడు. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గినది. దానితోపాటు శరీరం శక్తిని పొదుపుగా వాడుకొనసాగినది; మనస్సునిండా తిండి ధ్యాసయే. ఆంక్షలు తొలగిన పిదప పలువురు ఎంత తిన్నా తృప్తి చెందలేదు. ఈ వివరాలు 1950లోనే గ్రంథరూపం దాల్చినవి. డబ్బా కేలరీలను కొలువగలదు, ఆకలిని కొలువజాలదు. డబ్బా ముగిసిననాడు మనిషి తిరిగి వెనుకటి కంచం ముందరే కూర్చుంటాడు.

అయితే ఆ పద్ధతి వ్యర్థమని తీర్మానించడం న్యాయం కాదు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన జరిగినది. దాని ఫలితాలు 2017లో వెలువడినవి. మధుమేహం గల 149 మందికి మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల పానీయాలే ఆహారంగా ఇచ్చినారు. పిదప కొన్ని వారాలపాటు మామూలు భోజనాన్ని మెల్లమెల్లగా అలవాటు చేసి, ఆపైన నెలనెలా సలహా చెప్పినారు. ఏడాది గడిచేసరికి 46 శాతం మందికి మందులు లేకుండానే వ్యాధి ఉపశమించినది. రెండేండ్లకు ఆ సంఖ్య 36 శాతం. అక్కడ కూడా పానీయం తొలి మెట్టు మాత్రమే. తరువాతి మెట్లన్నీ మామూలు భోజనంతో ఎక్కవలసినవి.

మధుమేహం ఇంటింటా వినిపిస్తున్న ఈ కాలంలో ఇటువంటి పొడులు మన అంగళ్ళలోనూ దొరుకుతున్నవి. మాత్రలు వేసుకొనేవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు వైద్యుని సలహా లేకుండా భోజనం మాని వీటికి దిగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇక ఆరోగ్యవంతులైనా కొనబోయే ముందు తమను తాము ఒక ప్రశ్న వేసుకొనడం మంచిది: ఈ డబ్బా ఖాళీ అయిన మరునాడు నా కంచంలో ఏమి ఉండబోతున్నది? దానికి సమాధానం సిద్ధంగా ఉన్నవారికే ఆ డబ్బా వల్ల మేలు.